గోల్కొండ–బందరు పాత బాటని జాతీయ బాటగా కాపాడాలంటే స్టడీ ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలె?

ఎల్బీనగర్_నడక

నమస్తే అందరికి. పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతోని చదవండి ప్లీజ్.

మాది సూర్యాపేట, ఇక్కడ ఎల్బీనగర్ల హాస్టల్‌ల ఉండి ప్లానింగ్‌ల పీజీ చేస్తున్న, లాస్ట్ ఇయర్. థీసిస్‌కి ఏం టాపిక్ తీసుకోవాల్నో తెల్వక నెల రోజులు కొట్టుకున్నంక, పండుగకు ఇంటికి పోతుంటే బస్సుల అనిపించింది, నేను ఇన్నేండ్ల సంది పోయివస్తున్న ఈ తొవ్వ మీదనే కదా కుతుబ్‌షాహీల కాలంల గోల్కొండ నుంచి బందరు రేవు దాకా సరుకంతా నడిచింది అని. డచ్చోళ్ళు 1605ల, ఇంగ్లీషోళ్ళు 1611ల బందరుల దిగింది ఊరికెనే కాదు కదా, ఈ బాట ఇవతలి కొసకు గోల్కొండ ఉన్నదని. ఇప్పుడు అదే ఎన్‌హెచ్ 65, మా అమ్మోళ్ళకు ఇంకా నైన్ నంబర్ రోడ్డే.

అమెరికాల పాత వలస బాటలు, పోస్టు బండ్లు నడిచిన బాటలు నేషనల్ ట్రయిల్ అని ప్రకటించి కాపాడుతరట, ప్రకటించే ముందు దానికి ఆ యోగ్యత ఉన్నదా లేదా అని ఒక స్టడీ చేస్తరట. మన బాట మీద గట్లాంటి స్టడీ చేస్తే ఏం తేలుతది అనేది నా టాపిక్. గైడ్ సార్‌కి చెప్తే ఒక్కటే మాటన్నరు, "మొత్తం హైవే కిందికి పోయింది కదమ్మా, ఇంక కాపాడేదేమున్నది" అని. నిజం చెప్పాల్నంటే నా దగ్గర జవాబు లేకుండె.

అందుకని రెండు ఆదివారాలు నడిచిన. మొదటి ఆదివారం గోల్కొండ బంజారా దర్వాజ నుంచి కార్వాన్, టోలీ మసీదు, పురానాపూల్ దాకా. పూల్ మీద మొత్తం కూరగాయల బేరం, టమాట డబ్బాల నడుమ కాలు పెట్టే సందు లేదు. మెంతికూర కట్టలు అమ్మే ఒక పెద్దమ్మని ఈ బ్రిడ్జి ఎప్పటిదమ్మా అంటే "నేను పెండ్లయి వచ్చేసరికే ఉన్నది బిడ్డా, పదికి మూడు కట్టలు తీస్కో" అన్నది. 1578ది అని చెప్తే మూడు కట్టలల్ల ఏమన్న కలుస్తదేమో అనుకున్న, కలవలే.

రెండో ఆదివారం మలక్‌పేట నుంచి హయత్‌నగర్. ఎల్బీనగర్ దాకా నెత్తి మీద మెట్రో, తర్వాత సర్వీస్ రోడ్డు, దుమ్ము. పాతది అని చేయి పెట్టి చూపియ్యడానికి ఏం దొరకలే, హయత్‌నగర్‌ల హయత్ బక్షీ బేగం మసీదు, దాని చుట్టూ బాటసారులు దిగే సరాయి గదులు, పక్కన హాథీ బావి తప్ప. అక్కడ మాత్రం గంటసేపు కూసున్న. ఇంతకీ నేను అడిగేదేందంటే, బాట గీతనే మిగలనప్పుడు దాన్ని ఏమని కాపాడతం? మన దగ్గర దానికి చట్టం ఉన్నదా? ముందుగాల ఎక్కడ చూడాలె?

కార్వాన్ భాయ్

చెల్లె, నువ్వు మా గల్లీ మీదికెళ్ళే నడిచిపోయినవ్, చెప్తే చాయ్ తాపిస్తుంటిమి. కార్వాన్ అంటేనే కారవాన్ కదా, ఒంటెలు ఎద్దులు దిగిన జాగ. వజ్రాల బేరం ఇక్కడ్నే అయ్యేదని మా తాత చెప్పేటోడు, ఇప్పుడు మా దగ్గర వజ్రాలు లేవు, ట్రాఫిక్ ఉన్నది.

నేను చెప్పేది నీకు నచ్చకపోవచ్చు. కాపాడుడు అనే మాట వింటే మాకు భయమైతది. మా మేనమామ ఇల్లు కోట గోడకు దగ్గర. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లల్ల కొత్తగ కట్టొద్దు, దాని మీద ఇంకో 200 మీటర్లు పర్మిషన్ ఉంటేనే కట్టాలె అని 2010ల చట్టం మార్చిండ్రు. మామ కట్టేది మహల్ కాదు, వాన పడితే కారే బాత్రూం పైకప్పు తీసి స్లాబు వేస్తా అన్నడు. ఆ కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ రెండేండ్లు తిరిగిండు, పోయినప్పుడల్ల సార్ సీట్ల లేడు, లేకపోతే ఫైలు లేదు. ఆఖరికి రేకులేసిండు, ఇప్పుడు వాన పడితే రాత్రంతా టపటపా, ఎవ్వరికి నిద్ర ఉండదు. ఇప్పుడు నువ్వు ఒక్క కట్టడం కాదు 340 కిలోమీటర్ల గీత గీసి దానికి అటు మూడొందలు ఇటు మూడొందలు అంటే ఏమైతదో లెక్క చేస్కో. కార్వాన్ నుంచి కోదాడ దాకా ఎవ్వడు బాత్రూం కట్టుకోడు.

కోపంతోని అంటలే. స్టడీల మా అసుంటోళ్ళని కూడ అడుగు అంటున్న. మీ స్టడీలల్ల రాజులు, రాణులు, ఫ్రెంచోళ్ళు ఉంటరు, ఆ బాట మీద ఇప్పుడు బతికేటోడు ఉండడు.

మేరీల్యాండ్ వనస్థలిపురం

కార్వాన్ భాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు రైట్, కానీ అక్కడి పద్ధతికి, మన 100 మీటర్ల రూలుకి సంబంధం లేదు తమ్ముడూ, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. నేను పుట్టి పెరిగింది వనస్థలిపురంలో, హయత్‌నగర్ సంతకి అమ్మమ్మతో వెళ్ళేదాన్ని, ఆ మసీదు గోడ పక్కనే పల్లీలు కొనుక్కునేవాళ్ళం, అది సరాయి అని నాకు అమెరికా వచ్చాక తెలిసింది, అదీ మన చదువు.

ఇక్కడ చట్టం 1968ది. అప్పుడు నడకకి, ప్రకృతికి సంబంధించిన బాటలే, చరిత్ర బాటలు అనే కేటగిరీ 1978లో కలిపారు. పార్లమెంటులాంటి కాంగ్రెస్ ముందు ఫలానా బాట స్టడీ చేయండి అని చెప్తుంది, నేషనల్ పార్క్ సర్వీస్ లాంటి సంస్థ చేస్తుంది, చేసి రిపోర్టు ఇస్తుంది, అంతే. రిపోర్టు బాగుందని బాట దానంతటది జాతీయ బాట అయిపోదు, మళ్ళీ కాంగ్రెసే ప్రకటించాలి. బటర్‌ఫీల్డ్ ఓవర్‌ల్యాండ్ అని 1858 నుంచి 1861 వరకు శాన్‌ఫ్రాన్సిస్కోకి పోస్టు మోసిన గుర్రపు బండ్ల బాట ఒకటుంది, దాన్ని స్టడీ చేయమన్నది 2009లో, ప్రకటించింది 2023లో. అంటే చెల్లీ, నీ థీసిస్ లేటయిందని ఎవరన్నా అంటే ఈ లెక్క చూపించు.

స్టడీలో చూసేవి ముఖ్యంగా మూడు. ఆ బాట నిజంగా జనం వాడటం వల్ల పుట్టిందేనా, దాని ప్రభావం దేశం మొత్తం మీద ఉందా లేక ఒక జిల్లా ముచ్చటేనా, ఇప్పుడు జనానికి చూసుకోడానికీ నడవడానికీ చరిత్ర తెలుసుకోడానికీ ఏమైనా పనికొస్తుందా. మీ సార్ అడిగిన ప్రశ్న ఈ మూడోదే. దానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. సెల్మా నుంచి మాంట్‌గోమరీ దాకా 1965లో ఓటు హక్కు కోసం నల్లజాతి వాళ్ళు నడిచిన 54 మైళ్ళు, అది నడిచిందే హైవే 80 మీద, ఇప్పటికీ హైవేనే, లారీలు పోతూనే ఉంటాయి, అయినా 1996లో జాతీయ చరిత్ర బాటగా ప్రకటించారు. హైవే కింద పోయింది కాబట్టి లేదు అనడం కుదరదు.

ఇంకోటి, బాట పొడుగునా ప్రతి గజం కాపాడరు. చెప్పుకోదగ్గ చోట్లు, ఇంకా పాత రూపంలో మిగిలిన ముక్కలు, వీటిని ఏరి వాటి మీదే డబ్బూ శ్రద్ధా పెడతారు. మిగతా దారిలో పక్క రోడ్డుకి బోర్డులు పెట్టి కారులో వెళ్తూ చూసుకునేలా చేస్తారు. ప్రైవేటు భూమి అయితే ఓనర్ ఇష్టపడితేనే. ఈ సిస్టమ్‌లో కూడా తిప్పలు చాలా ఉన్నాయి, పైసలు రావు, బోర్డులు తుప్పు పడతాయి, కానీ భాయ్ వాళ్ళ మామ బాత్రూంకి మాత్రం ఎవడూ అడ్డురాడు.

రిటైర్డ్ ఆర్ అండ్ బీ

అమ్మా, నేను రోడ్లు భవనాల శాఖలో ముప్పై రెండేళ్ళు చేసి దిగినవాణ్ణి, అందులో ఎక్కువ భాగం నల్గొండ జిల్లాలోనే, నువ్వు అడిగే రోడ్డు మీద నా చెప్పులు ఎన్ని అరిగాయో లెక్కలేదు. ఒక మాట ముందే చెప్పాలి, నువ్వు ఒక గీత కోసం వెతుకుతున్నావు, అక్కడ ఎప్పుడూ ఒక గీత లేదు.

తవెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఈ దారిన తిరిగి రాసింది నువ్వు చదివే ఉంటావు. గోల్కొండ నుంచి బందరు వైపు బండ్లు నడవవు, కొండలు చెరువులు ఏర్లు అడ్డం, సరుకంతా ఎద్దుల మీద, గుర్రాల మీదే పోతుంది అన్నాడాయన. వజ్రాల గనుల దాకా తను ఒక చిన్న బండి తీసుకెళ్ళడానికి ఎంత అవస్థపడ్డాడంటే, దారి బాగోలేని చోటల్లా దాన్ని విప్పి ముక్కలు ముక్కలు చేసి మోయించాల్సి వచ్చిందట. ఇంజనీరుగా నాకు ఆ ఒక్క ముక్క చాలు. చక్రం నడవని చోట రోడ్డు ఉండదమ్మా. చక్రం ఉంటేనే గాడి పడుతుంది, కల్వర్టు కావాల్సొస్తుంది, బాట ఒకచోట నిలుస్తుంది. ఎద్దు వీపు మీద మూట అయితే దానికి ఏ దిబ్బ అయినా ఒకటే, వానాకాలం రేగడిలో దిగబడితే పక్కనున్న చెలక మీదుగా ఎక్కుతుంది, ఏరు పొంగితే రెండు మైళ్ళు పైకి పోయి దాటుతుంది. కాబట్టి మీ పాత బాట అంటే రెండు మూడు మైళ్ళ వెడల్పున పాయలు పాయలుగా పారిన దారి. మేము తర్వాత వచ్చి అందులో ఒక పాయని పట్టుకుని తారు పోశాం.

మరి ఎక్కడ చూడాలి అంటే, హైవే మీద కాదు. సూర్యాపేట, కోదాడ బైపాస్‌లు పడ్డాక పాత రోడ్డు ఊళ్ళో మెయిన్ రోడ్డుగా మిగిలింది కదా, అలాగే ఇంకా పాతవి ఊళ్ళ వెనకాల మిగిలి ఉంటాయి. నువ్వు ఊరూరికీ వెళ్ళి గ్రామ నక్షా, అంటే ఊరి మ్యాపు, అడుగు. అందులో చుక్కల గీతలతో బండ్ల బాటలు గుర్తు పెట్టి ఉంటాయి. మన తెలంగాణ పల్లెల్లో గట్టు తగాదా వస్తే పెద్దమనుషులు మొదట అనే మాటే "అది నక్ష బాట, దున్నొద్దు" అని. కొత్త చట్టం ఎప్పుడొస్తుందో గానీ ఈ నక్ష బాటకి మాత్రం ఊళ్ళో ఇప్పటికీ విలువుంది, సర్కారు జాగా కింద లెక్క. అది కబ్జా కాకుండా చూస్తే సగం పని అయినట్టే. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, పాత ఫార్సీ కాగితాలు కూడా అక్కడే, ఫార్సీ వచ్చినవాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకెళ్ళు.

అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర బాటసింగారం అని ఊరుంది, ఇప్పుడు పండ్ల మార్కెట్ పెట్టారు. పేరులోనే బాట. ఈ బాట వల్లే ఆ పేరొచ్చిందని నేను ప్రమాణం చేయను, కానీ ఆ ఊరి నక్షా చూడకుండా మాత్రం థీసిస్ ఇవ్వకు.

తండా_బిడ్డ

సార్ చెప్పింది చదివి రోమాలు నిక్కబొడుచుకున్నయి, ఎందుకంటే అచ్చం ఇదే మా తాత చెప్పేటోడు. మేము లంబాడోళ్ళం, మాది నల్గొండ దిక్కు తండా. ఎల్బీనగర్ అక్కా, నువ్వు నడక మొదలువెట్టిన బంజారా దర్వాజ ఎవ్వరి పేరు మీద ఉన్నదో పోస్టుల ఒక్క ముక్క రాస్తే బాగుండు. ఆ ఎద్దులు తోలింది మావోళ్ళే. సముద్రం దిక్కు నుంచి ఉప్పు, ఇటుకెళ్ళి ధాన్యం, దాన్ని మా మాటల లదేణీ అంటరు. వజ్రాలు సంచిల పట్టే సరుకు, వాటి మీద పుస్తకాలకు పుస్తకాలు రాసిండ్రు, ఉప్పు మోసినోని ఊసు ఎక్కడుంటది?

తాత స్వయంగా లదేణీ చెయ్యలే, రైలు వచ్చినంక అది బందైపోయింది, ఆయన వాళ్ళ తాత దగ్గర విన్నది చెప్పేది. బాట ఎట్ల గుర్తుపడతరు తాతా అంటే నవ్వేటోడు. బాట ఎవ్వడు చూస్తడురా, నీళ్ళు చూస్తరు అనేటోడు. వందల ఎద్దులు ఒక్కపారి దిగాల్నంటే చెరువు కావాలె, లేకపోతే పెద్ద మెట్ల బావి. మేతకు బీడు కావాలె. పంట ఉన్న ఊరిమీదికెళ్ళి తోలితే కొట్లాట, అందుకని ఏడాదికో దిక్కు మళ్ళిచ్చుకుంట పోయేటోళ్ళు, కాని నీళ్ళ జాగ మాత్రం మారదు. పొద్దుగూకేసరికి ఆ జాగకు చేరాలె, మూటలు దించి కోటగోడ లెక్క గుండ్రంగ పేర్చి నడుమ వండుకునేది.

అందుకని నాకు ఒకటి అనిపిస్తది, గీత ఇడిసిపెట్టి నీళ్ళు లెక్కపెట్టు అక్కా. ఒక దినం నడకకు ఒక నీళ్ళ జాగ వస్తది. హయత్‌నగర్ హాథీ బావి ఒకటి, పానగల్లు ఉదయసముద్రం చెరువు ఒకటి. నడుమ ఎన్ని ఉన్నయో ఎవ్వలకెరుక, కొన్నిట్ల ఇప్పుడు చెత్త పోస్తున్నరు, కొన్ని పూడ్చి ప్లాట్లు చేసిండ్రు. తొవ్వని హైవే మింగితే మింగిందిగాని ఈ బావులని మింగేది మనమే.

బెజవాడ బుల్లెట్

తెలంగాణ వాళ్ళంతా మాట్లాడేశారు, అవతలి సగం మాదండీ, కొంచెం మమ్మల్ని కూడా రానివ్వండి. మా ఊళ్ళో ఇప్పటికీ దాని పేరు బందరు రోడ్డే, ఎన్ని పేర్లు పెట్టినా ఆటోవాడికి బందరు రోడ్డు అంటేనే తెలుస్తుంది. బాట బతికుందనడానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

రెండు విషయాలండి. ఒకటి, 2014 తర్వాత ఇది రెండు రాష్ట్రాల బాట. మీ 2017 తెలంగాణ వారసత్వ చట్టం జగ్గయ్యపేట దగ్గర ఆగిపోద్ది, మావాళ్ళు అటు రారు. అంటే కేంద్రం చెయ్యాలి, కేంద్రం చట్టం 1958ది, అందులో కట్టడాలూ స్థలాలూ ఉన్నాయి గానీ బాట అనే మాట లేదు. ఉత్తరాదిలో గ్రాండ్ ట్రంక్ రోడ్డుని యునెస్కో తాత్కాలిక లిస్టులో 2015లో పెట్టారు కదా, అక్కడ కూడా పెట్టింది రోడ్డు వెంట ఉన్న చోట్లనే. దండి యాత్ర దారికి హెరిటేజ్ రూట్ అని పేరు పెట్టారు, అది హైవే కూడా, కానీ అక్కడ గాంధీ గారు ఏ ఊళ్ళో ఏ రోజు ఆగారో 24 రోజుల లెక్క పక్కాగా ఉంది, మనకి ఉప్పు ఎద్దు ఎక్కడ ఆగిందో ఎవరు రాశారండీ.

రెండోది, కొల్లూరు. కోహినూరు దొరికిందని చెప్పుకునే గని. వెళ్ళి చూద్దామనుకుంటే పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఎండాకాలం బాగా తగ్గినప్పుడు ఏమన్నా కనపడుద్దేమో అని నేనూ మా ఫ్రెండూ బండేసుకుని వెళ్ళాం, కనపడింది ఒక గేదె, మా వైపు చూసి మళ్ళీ నీళ్ళలోకి దిగింది. బందరులో మాత్రం కోట, డచ్ సమాధులు ఉన్నాయి, చూడండి తప్పకుండా. ఊరు మాత్రం 1864 తుఫానులో దెబ్బ తిన్నాక మళ్ళీ ఆ పాత వైభవం చూళ్ళేదండి, ముప్పై వేలమంది పోయారంటారు. రేవు పోయినా లడ్డూ మిగిలింది, అదొకటి సంతోషం.

కార్వాన్ భాయ్

తండా తమ్ముడు చెప్పినట్టు బావులు చెరువులు అంటే నేను చేయెత్తుత. బావి బాగుచేస్తే ఎవ్వని ఇల్లు ఆగదు. ఇంటి చుట్టూ 300 మీటర్ల గీత గీస్తం అంటే మాత్రం నేను మళ్ళ ఇక్కడ్నే ఉంట.

ఎల్బీనగర్_నడక

అందరికి దండాలు. తండా_బిడ్డ తమ్ముడూ, సారీ, నువ్వన్నది నిజమే, ఆ దర్వాజ కింద ఫోటో దిగిన గాని ఆ పేరు గురించి ఆలోచన చెయ్యలే.

నిన్న గైడ్ సార్ దగ్గరికి పోయి టాపిక్ మార్చిన అని చెప్పిన. ఇప్పుడు గీత లేదు, మజిలీలు. హయత్‌నగర్ నుంచి సూర్యాపేట దాకా ఒక ఎద్దు దినానికి నడిచే దూరం లెక్కేసి, ఆ దూరంల ఉన్న పాత బావి, చెరువు, సరాయి, ఏరు దాటే రేవు ఒక్కొక్కటి పోయి చూసి, ఇంకా ఉన్నదా, ఎవ్వరి చేతిల ఉన్నది, నీళ్ళున్నయా, ఊరోళ్ళు ఇప్పుడు దాన్ని ఏం చేస్తున్నరు అని రాసుకుంట. ఊరూరికి నక్ష కూడ అడుగుత. మేరీల్యాండ్ అక్క చెప్పిన మూడు ప్రశ్నలు ప్రతి మజిలీకి వేస్త, ఒకదానికి జవాబు రాకపోతే రాలేదనే రాస్త. సార్ కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత "మీ సూర్యాపేటల ఎన్ని బావులున్నయ్" అన్నరు. నాకు తెల్వదన్న. ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్న అక్కడ్నే ఏడు చెప్పిండు, అందుల ఒకటి మా ఇంటి వెనక గల్లీలనే అట, నేను చిన్నప్పుడు దాని మీద కప్పిన బండ మీద కచ్చకాయలు ఆడినట.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి హాథీ బావి కాడ కలుస్తున్న, ఎవరన్న వస్తరా? మెట్లు కొలవాలె, టేపు నా దగ్గర ఉన్నది, ఇంకో చివర పట్టుకునేటోళ్ళు కావాలె.

రిటైర్డ్ ఆర్ అండ్ బీ

నేను వస్తానమ్మా. ముప్పై మీటర్ల స్టీలు టేపు నా దగ్గరుంది, నీ గుడ్డ టేపు సాగుతుంది, తేకు.

తండా_బిడ్డ

నేను కూడ వస్త సార్. గమ్ బూట్లు తెచ్చుకోండి, పోయినవారం చూసిన, కింద మూడు మెట్ల దాకా బురదే.